జంతుశాలలూ రాక్షసబల్లులూ: ముస్లిం విజ్ఞాన చరిత్రలో ఒక పార్శ్వం

నల్లచెరువు, కదిరి, హిందూపురం ప్రాంతాల నుండి హైదరాబాదు వెళ్ళే ముస్లిం కుటుంబాలు చార్మినారు, మక్కా మసీదు చూసిన తరువాత పిల్లల పోరు పడలేక జూపార్కుకు వెళ్ళడం పరిపాటి. అక్కడ పులి బోను ముందో, చేపల గాజుతొట్టి ముందో, రాక్షసబల్లి బొమ్మ ముందో నిలబడి కదలని పిల్లవానికి పెద్దల నుండి సాధారణంగా లభించేది మందలింపే. ఈ మోజు వట్టి కాలక్షేపమని కొందరి అభిప్రాయం. నోరులేని ప్రాణిని బంధించి చూడడం పాపమని మరికొందరి వాదన. ఇక రాక్షసబల్లుల సంగతి వస్తే, దివ్యఖుర్‌ఆన్‌లో వాటి పేరే లేదు గదా, ఇదంతా పాశ్చాత్యుల కల్పన కాదా అని అనుమానించేవారూ లేకపోలేదు. ఈ మూడు అభిప్రాయాలనూ చరిత్ర వెలుగులో పరిశీలించవలసి ఉన్నది.

బంధనం విషయమే మొదట చూద్దాం. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానుగా ఏరుకొని తినడానికి విడిచిపెట్టనూ లేక చంపిన స్త్రీ శిక్షకు గురైన వృత్తాంతం హదీసు గ్రంథాలలో సుప్రసిద్ధం. అయితే అదే గ్రంథాలలో మరొక హదీసు ఉన్నది. హజ్రత్ అనస్ (ర.అ) చిన్నతమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకొనేవాడు. అది చనిపోయినప్పుడు మహాప్రవక్త (స) ఆ పసివానిని ఆప్యాయంగా పలకరించి పిట్ట సంగతి అడిగారు. పిట్టను పెంచినందుకు మందలించలేదు. హిజ్రీ 4వ శతాబ్దికి చెందిన షాఫియీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుండి అరవైకి పైగా ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించాడు. పక్షిని పంజరంలో ఉంచవచ్చునన్న అనుమతికి ధర్మశాస్త్రవేత్తలు ఆధారం చేసుకొన్నది ఈ హదీసునే. రెండింటినీ కలిపి చదివితే విషయం తేటతెల్లమవుతుంది. నేరం కేవలం బంధించడంలో లేదు, బంధించి బాధ్యత మరవడంలో ఉన్నది.

ఆ బాధ్యత ఏమిటో ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దిస్సలామ్ (మరణం 1262) విడమరచి చెప్పాడు. జంతువు ముసలిదై, రోగగ్రస్తమై, ఎందుకూ పనికిరాకుండా పోయినా దాని పోషణ ఖర్చు యజమానే భరించాలి. శక్తికి మించిన బరువు మోపరాదు. దానికి హాని చేసే జంతువులతో కలిపి ఉంచరాదు. దాని పిల్లలను దాని కళ్ళెదుట కోయరాదు. నేటి జంతుశాలల నిర్వాహకులు గోడకు వేలాడదీసుకోదగిన నియమావళి ఇది. ఏడు వందల సంవత్సరాలకు పూర్వమే వ్రాయబడినదని మనవారిలో ఎందరికి తెలుసు?

ఇక ఇది కాలక్షేపమన్న మాట. బస్రా నగరవాసి జాహిజ్ (మరణం 868-69) ఏడు సంపుటాల ‘కితాబుల్ హయవాన్’ వ్రాసినప్పుడు అరిస్టాటిల్ మాటనైనా సరే పరీక్షించకుండా అంగీకరించలేదు. కైరోలో దమీరీ (1341-1405) వెయ్యికి పైగా శీర్షికలతో అక్షరక్రమంలో ‘హయాతుల్ హయవాన్’ కూర్చాడు. జంతువు స్వభావంతో పాటు దాని మాంసం హలాలా హరామా అన్నదీ, దానిపై వాడుకలో ఉన్న సామెతలూ అందులో చేర్చాడు. అందులో కట్టుకథలూ లేకపోలేదు. జాహిజ్‌లోని నిశితత్వం దమీరీలో కనబడదు. అయినా మదరసా పట్టభద్రులు సైతం ఆయనను తరచు మరచిపోవడం విచారకరం.

మన దేశంలో ఈ అభిరుచికి మూర్తీభవించిన ఉదాహరణ జహాంగీర్ చక్రవర్తి. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన టర్కీ కోడిని చూచి, దాని వర్ణనను స్వయంగా తన ఆత్మకథలో వ్రాసుకొని, చిత్రం గీయించాడు. 1621లో చారల గుర్రం వచ్చినప్పుడు ఆ చారలు ఎవరో రంగుతో పూసినవేమోనన్న అనుమానం తీరేదాకా పరిశీలన సాగింది. లైలా, మజ్నూ అని పేర్లు పెట్టిన సారస కొంగల జంట గ్రుడ్లు పెట్టి పొదిగిన తీరును రోజుల తరబడి గమనించి నమోదు చేశాడు. వేటలో ఆయన చంపిన జంతువుల లెక్క కూడా ఆ ఆత్మకథలోనే ఉన్నదన్న సంగతి దాచవలసిన పని లేదు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసినదిగా భావించబడే ఒక చిత్రంలో డోడో పక్షి ఉన్నది. మారిషస్ దీవికి చెందిన ఆ పక్షి అదే 17వ శతాబ్దిలో భూమిపై నుండి అంతరించిపోయింది. సెయింట్ పీటర్స్‌బర్గులో భద్రపరచబడిన ఆ చిత్రం దాని నిజమైన రంగులకు నేడు మిగిలిన అరుదైన సాక్ష్యాలలో ఒకటి. కాలక్షేపం చేసిన పని ఇది!

ఒక జాతి మొత్తంగా అంతరించగలదన్న ఊహకు అంగీకరించినవాడికి రాక్షసబల్లులు వింత కావు. ఖుర్‌ఆన్ జంతువుల జాబితా కాదు. మనకు తెలియనివాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తాడని నహ్ల్ సూరా చెబుతున్నది. జంతువులూ వృక్షాలూ రాయిగా మారే విధానాన్ని ఇబ్ను సీనా ‘షిఫా’లో చర్చించాడు. హిందూస్థాన మైదానం ఒకప్పుడు సముద్రమై ఉండి, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడినదని అల్‌బిరూనీ రాళ్ళ ఆకారాన్ని చూచి ఊహించాడు. ఎముకలు తవ్వినవారు తరువాతివారు కావచ్చు, త్రోవ మాత్రం కొత్తది కాదు.

ఆ ఎముకలు దొరికినది ఎక్కడో కాదు, గోదావరి, ప్రాణహిత లోయలో. 1960 ప్రాంతంలో సిరోంచ దగ్గరి పోచంపల్లి వద్ద భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు దాదాపు మూడు వందల ఎముకలు వెలికితీశారు. 1975లో ఆ జంతువుకు ‘బరపాసారస్ టాగోరై’ అని నామకరణం జరిగింది. వంగభాషలో ‘బర పా’ అంటే పెద్ద కాలు. రవీంద్రుని శతజయంతి స్మృతిగా రెండవ మాట. అప్పటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద దొరికిన మరొక దానిని 1988లో యాదగిరి ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని లోకానికి పరిచయం చేశారు. తొమ్మిది మీటర్ల పొడవు గల ఆ కళేబరం హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రంలో నిలబడి ఉన్నది. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలలో శాశ్వతంగా చేరింది.

జూపార్కు చరిత్రకు వస్తే, నిజాముల కాలంలో బాగె ఆమ్‌లో ఒక జంతుశాల ఉండేది. నేటి నెహ్రూ జంతుశాల 1963 అక్టోబరు 6న మీర్ ఆలం చెరువు అంచున ప్రారంభమైంది. సికందర్ జా దివాను మీర్ ఆలం పేరు మోస్తున్న ఆ చెరువు కట్ట అర్ధచంద్రాకారపు కమానుల వరుసగా 19వ శతాబ్ది తొలినాళ్ళలో నిర్మించబడింది.

అనంతపురం సీమకు సంబంధించిన ఒక ఉదంతం ఇక్కడ చెప్పక తప్పదు. కలివికోడి అనే రాత్రించర పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూచినట్లు నమోదైంది. ఆ తరువాత ఎనభై ఐదేళ్ళు జాడ లేదు. డోడో వలెనే గతించినదని పండితులు నిర్ణయించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద ఐతన్న అనే పిట్టలు పట్టేవాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని సజీవంగా పట్టాడు. దేశమంతటి పక్షిశాస్త్రజ్ఞులు సంతోషించారు. వృద్ధుడైన సలీం అలీ స్వయంగా వచ్చారు. కాని చేతికి చిక్కిన ఆ పక్షి బ్రతకలేదు. దాని కళేబరం బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చేరింది. దాని జాతికోసమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

హిందూపురానికి దగ్గరలోని వీరాపురంలో మాత్రం బోను లేదు, వల లేదు. ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా వచ్చి ఊరి నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టుకొని, పిల్లలు ఎగరగలిగిన తరువాత వెళ్ళిపోతాయి.