కైసరు నాణెము: అసలెట్టిది, నకిలీ యెట్టిది?

పన్ను విషయమై ప్రభువును చిక్కుపరచవచ్చినవారు ఆయనయొద్దకు ఒక దేనారము తెచ్చిరి. అది ఏ కైసరు నాణెమో సువార్తికులు వ్రాయలేదు. అప్పుడు ఏలుచున్నవాడు తిబెరి కైసరు (క్రీ.శ. 14–37) గనుక, అతని వెండి దేనారమునకే వర్తకులు పన్నురూకయని పేరుపెట్టి అమ్ముచున్నారు. ఒకవైపు కైసరు తల, రెండవవైపు కూర్చున్న స్త్రీ, చుట్టును లాటిను అక్షరములు. బరువు నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. క్రైస్తవులు మిక్కిలి కోరి కొనునది గనుక దీనికి నకిలీలును మెండు.

దొంగ నాణెములు క్రొత్తవి కావు. రోమీయుల కాలముననే రాగి బిళ్లకు వెండి తొడిగి చెలామణి చేసినవారు కలరు. అవి నకిలీలైనను ప్రాచీనములే. ఆధునిక మోసగాండ్రలో పేరుమోసినవాడు జర్మను దేశస్థుడు కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830). ఇతడు స్వయముగా అచ్చులు చెక్కి, మూడు వందలకు పైబడిన రకముల నాణెములు కొట్టెను. వాటిని ఇనుప రజనుతో పెట్టెలో వేసి, తన బండికి కట్టి త్రిప్పి, పాతరూపు తెచ్చెనని చెప్పుదురు. కావున పాతగా కనబడుట సాక్ష్యము కాదు.

మరి దేనిని చూడవలెను? మొదట, చేసిన విధానమును చూడవలెను. రోమీయులు లోహపు బిళ్లను రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో కొట్టిరి. అందుచే అరగని చోట అక్షరములు తీరుగా నిలుచును. అంచున ఒక్కొక్కప్పుడు చీలికలుండును. కరగించి మూసలో పోసినదైతే అక్షరములు మొద్దుబారును; భూతద్దముతో చూచిన సూదిమొనవంటి గుంటలు, అంచు చుట్టును అతుకు గీత కనబడవచ్చును.

రెండవది, కవలలను వెదకవలెను. చేతితో కొట్టిన రెండు నాణెములు ఒకే అచ్చునుండి వచ్చినను, వాటి అంచులును గాట్లును ఒక్కటిగా ఉండవు. రెంటిలోను ఒకే చోట ఒకే గాటున్నయెడల, ఒకటియైనను నకిలీయే.

మూడవది, తూచవలెను. అయితే బరువు సరిపోయినంత మాత్రమున నమ్మరాదు; నేర్పరియైన మోసగాడును త్రాసు ఎరుగును.

గాటున్న ప్రతి నాణెమును త్రోసివేయరాదు. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి నాణెముల నిధి దొరికినది. దక్షిణ దేశమున దొరికిన ఇట్టి నాణెములలో కొన్నిటిపై కైసరు ముఖముమీదనే ఉలిగాటున్నది. అవి అసలైనవే. శుభ్రపరచుదమని తోముటయు, పరీక్షించుదమని ఆకురాయితో రుద్దుటయు అసలు నాణెమును పాడుచేయును. సందేహమున్న పురావస్తు ప్రదర్శనశాలవారికి చూపుట మేలు.

ప్రియ సహోదరులారా, ఇది వర్తకుల గొడవ మాత్రమే కాదు. సండేస్కూలు పిల్లలకు ఒక నాణెము చూపి, ఇది ప్రభువు కాలపుదని చెప్పితిమనుకొనుడి. అది నిన్న మూసలో పోసినదని వారు పెద్దవారై తెలిసికొనిన దినమున, మనము చెప్పిన ఇతర సంగతులను సయితము శంకింతురు. నాణెము నకిలీయైనచో వాక్యమునకు కొదువలేదు. మన మాటకే కొదువ. కావున తెలియని నాణెమునకు ఎదుట ‘నమూనా’ అని చీటి వ్రాసిపెట్టుట అవమానము కాదు.