బద్వేలు బావుల్లో మోటారు దిమ్మెలు

మన సంఘం సంచికల్లో లైన్లు లాగిన కథలు, గాలివానలో స్తంభాలు నిలబెట్టిన కథలు చాలానే వచ్చాయి. స్తంభం దిగిన సర్వీసు వైరు చివరకు వెళ్ళి చేరే చోటును గురించి, అనగా రైతు బావిలోని మోటారును గురించి, రాసినవారు తక్కువ. రాసినా దాని హార్సుపవరును గురించో, బిల్లు బకాయిని గురించో రాశారు. ఆ మోటారు దేని మీద కూర్చుంది, దాని షాఫ్టును ఏ గూడు పట్టి ఉంచింది, ఆ గూడును ఏ దిమ్మె మోసింది అన్నది చిన్న సంగతిగా కనబడుతుంది. బద్వేలు సెక్షనులో 1970లలో బావుల వెంట తిరిగిన నాకు అది చిన్న సంగతిగా ఎన్నడూ తోచలేదు. రైతు అప్పు తీరడమూ తీరకపోవడమూ చాలాసార్లు ఆ దిమ్మె మీదనే ఆధారపడి ఉండేది.

కరెంటు రాకముందు మన ప్రాంతంలో బావికి మోటే దిక్కు. కొందరు కపిల అనేవారు. బావి అంచున రెండు రాతి కూసాలు పాతి, వాటి మధ్య ఇరుసు వేసి గిలక అమర్చేవారు. ఎద్దులు బరువు లాగినప్పుడల్లా ఆ కూసాలు బావిలోకి ఒరగాలని చూస్తాయి. అందుకే వాటిని లోతుగా పాతి, వెనక బండరాళ్ళు దట్టించేవారు. తిరిగే యంత్రానికి ఆధారం కట్టడంలో ఇది మన సీమ రైతు నేర్చుకున్న మొదటి పాఠం అని నా అభిప్రాయం. ఇరుసు అరిగేచోట ఆముదం పూసేవారు. అదే అప్పటి గ్రీజు. బద్వేలుకు దగ్గరలోనే ఉన్న పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉన్నది. భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కించారు. మోటారు దిమ్మెకు అటువంటి శాసనం ఎవరూ వేయించలేదు. వేయించి ఉంటే మా సెక్షనుకు వచ్చే ఫిర్యాదులు సగం తగ్గేవి.

1957లో తుంగభద్ర జలవిద్యుత్తు ఉత్పత్తి మొదలయింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టిన తరువాత పల్లెలకు లైన్లు వేగం పుంజుకున్నాయి. భూమి తనఖా బ్యాంకులో అప్పు తీసి, 3 లేక 5 హార్సుపవరు మోటారు తెచ్చుకోవడం రైతుకు పెళ్ళి చేసినంత పని. ఎద్దులబండిలో మోటారు ఊళ్ళోకి వస్తే పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టేవారు. ఇంతా చేసి దానిని కూర్చోబెట్టే దిమ్మెకు మాత్రం మిగిలిన సిమెంటు, మిగిలిన ఇసుక.

ఆ రోజుల్లో మోటారు వేరు, పంపు వేరు. కొందరు ఆయిలు ఇంజను ఉన్న పాత పంపుకే బెల్టు వేసి మోటారు తగిలించేవారు. బెల్టు అన్నాక బిగువు ఉండాలి. అందుకని మోటారు కాళ్ళ కింద రెండు ఇనుప పట్టాలు వేసి, మర తిప్పితే మోటారు వెనక్కు జరిగేలా చేసేవారు. వాటిని స్లైడు రైళ్ళు అనేవాళ్ళం. బెల్టు బిగువు ఎక్కువైతే షాఫ్టు ఒకవైపుకు లాగబడి పుల్లీ వైపు బేరింగు ముందు పోతుంది. తక్కువైతే బెల్టు జారి నీళ్ళు రావు. రెండవ పద్ధతి కప్లింగు. మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఎదురెదురుగా పెట్టి, రబ్బరు బుష్షులున్న రెండు పళ్ళేలతో కలుపుతారు. రెండు షాఫ్టులూ ఒకే గీతలో ఉండాలి. పట్నంలో వర్కుషాపువాళ్ళు కొలతబద్ద, రేకులు పెట్టి చూస్తే, మా పల్లె మెకానిక్కులు సైకిలు చువ్వతోనూ, దారంతోనూ చూసేవారు. పని తెలిసినవాడి చేతిలో ఆ దారమే చాలు.

ఇక్కడ కొంత లెక్క చెప్పాలి. మామూలు నాలుగు పోళ్ళ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. అనగా సెకనుకు 24. గంటకు 86,400. రోటరు బరువులో ఏ కాస్త తేడా ఉన్నా గంటకు అన్నిసార్లు దిమ్మెను కుదిపినట్టే. వేగం రెట్టింపయితే ఆ కుదుపు బలం నాలుగింతలవుతుంది. అందుకే పాత ఇంజనీర్లు ఒక మోటు లెక్క పెట్టుకున్నారు: తిరిగే యంత్రానికి దాని బరువుకు మూడింతల కాంక్రీటు, ముందుకూ వెనక్కూ కొట్టుకునే ఆయిలు ఇంజనుకైతే ఐదింతలు. మా బావుల మీద ఒక ఇంత ఉంటే గొప్ప.

అసలు చిక్కు నీటిమట్టంతో వచ్చింది. పంపు నీటిని పీల్చుకుంటుంది అంటాం గాని, నిజానికి పైనున్న గాలి బరువే నీటిని పైపులోకి నెడుతుంది. ఆ గాలి ఎంత నెట్టినా లెక్క ప్రకారం 10 మీటర్ల పైచిల్లరే. పనిలో 6, 7 మీటర్లు దక్కితే అదృష్టం. బావిలో నీళ్ళు అంతకంటె కిందికి పోతే పంపు దగ్గరకు నీళ్ళు రావు, పంపే నీళ్ళ దగ్గరకు పోవాలి. అందుకని బావి దరిలో మెట్టులాగ రాయి తొలిచి దాని మీద మోటారు పెట్టేవారు. రాయి తొలవడానికి డబ్బులేనివారు బావికి అడ్డంగా తాటి దూలాలో, పాత ఇనుప చానళ్ళో వేసి వాటి మీద బిగించేవారు. ఎండాకాలంలో ఒకసారి, కరువేడు అయితే రెండుమూడుసార్లు ఆ దూలాలను ఇంకా కిందికి దించాలి. వాన పడి బావి నిండితే మోటారు మునగకముందే పైకి లాగాలి. అర్ధరాత్రి వాన మొదలైతే రైతు పరుగెత్తేది చేనికి కాదు, బావికి.

దూలం మీది మోటారుకు కాంక్రీటు బరువు ఏదీ లేదు. దూలం వంగుతుంది, మోటారుతోపాటు ఊగుతుంది, బోల్టులు వదులవుతాయి. నీటి చెమ్మకు తాటిదూలం లోపల పుచ్చుతుంది, పైకి కనబడదు. ఒక ఊళ్ళో మోటారు దించుతుండగా దూలం విరిగి, మోటారూ పంపూ బావిలో పడ్డాయి. కింద నిలబడి పైపు పట్టుకున్న కూలీమనిషి తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది గాని అతను మళ్ళీ మడక పట్టలేదు. ఆ ఇంటి వాళ్ళు ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడానికి కాగితం మీద ఎవరి బాధ్యతా లేదు. సర్వీసు మీటరు వరకే డిపార్టుమెంటుది, మోటారు రైతుది, దూలం ఎవరిది?

ఇక మోటార్లు కాలిపోవడం. మార్చి వచ్చిందంటే సెక్షను ఆఫీసు ముందు గుంపు. రైతు మాట ఒకటే: ఓల్టేజి లేక మోటారు కాలింది. మా వైపు మాట ఒకటే: బిగింపు సరిగా లేక కాలింది. ఇద్దరూ నిజమే చెప్పేవారు. ఓల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు వేడెక్కుతుంది. అది మా తప్పు కాదని నేను అనను. లైను చివరి ఊళ్ళలో సాయంత్రం బల్బు దీపంలా వెలిగేది. అయితే కాలిన మోటారును విప్పి చూస్తే చాలాసార్లు స్టేటరు లోపల ఒకవైపు మెరుస్తూ గీకిన మచ్చ కనబడేది. రోటరు అక్కడ ఒరుసుకున్నదన్న మాట. రోటరుకూ స్టేటరుకూ నడుమ ఖాళీ ఈ చిన్న మోటార్లలో సుమారు అర మిల్లీమీటరు. మోటారు నాలుగు కాళ్ళలో ఒకటి దిమ్మెకు ఆనకుండా తేలి ఉంటే, దాన్ని బోల్టుతో బలవంతంగా బిగించినప్పుడు ఒళ్ళంతా మెలిపడుతుంది. రెండు కొసలా ఉన్న బేరింగు గూళ్ళు ఒక గీతలో ఉండవు. బేరింగు వేడెక్కి, అరిగి, రోటరు కిందికి జారుతుంది. అప్పుడు ఓల్టేజి ఎంత బాగున్నా ఆ మోటారు బతకదు.

మా దగ్గర ఒక పెద్ద మెకానిక్కు ఉండేవాడు, చదువు లేదు. మోటారు నడుస్తుండగా ఒక్కొక్క కాలి బోల్టు కొంచెం వదులు చేసి, అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఏ కాలి దగ్గర వదులు చేస్తే అదురు తగ్గుతుందో అదే తేలిన కాలు. డాల్డా డబ్బా రేకు కత్తిరించి దాని కింద దూర్చి మళ్ళీ బిగించేవాడు. ఒక రైతుకు ఒకే ఎండాకాలంలో మూడుసార్లు మోటారు కాలి, మూడోసారి రీవైండింగుకు భార్య కమ్మలు తాకట్టు పడ్డాయి. ఈయన వెళ్ళి రెండు రేకుముక్కలు పెట్టివచ్చాడు. ఆ యేడు మళ్ళీ కాలలేదు. ఇప్పుడు పెద్ద కర్మాగారాల్లో ఇదే పరీక్షను మీటర్లు పెట్టి చేస్తున్నారు.

ఈ బాధ మనకొక్కరికే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. స్వీడనులో గోథెన్‌బర్గు పట్నంలో ఒక బట్టల మిల్లు బంకమట్టి నేల మీద కట్టారు. నేల కదిలినప్పుడల్లా షాఫ్టులు వంకరపోయి బేరింగులు పాడయ్యేవి. అక్కడి ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్టు విసిగి, షాఫ్టు కొంచెం ఒరిగినా తనంతట సర్దుకునే గోళీల బేరింగును 1907లో కనిపెట్టాడు. ఎస్.కె.ఎఫ్. కంపెనీ ఆ యేడే పుట్టింది. మన నల్లరేగడి కూడా అంతే గదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నెర్రె మీద కట్టిన దిమ్మె ఏడాది తిరగకుండా ఒరుగుతుంది. కొందరు కడప బండ పరచి దాని మీదనే మోటారు బిగించేవారు. ఆ బండ ఇంటి నేలకు మేలైనదే గాని పొరలు పొరలుగా ఉండే రాయి; బోల్టు రంధ్రం దగ్గర అదురుకు చిట్లుతుంది. నేను వద్దని చెప్పేవాణ్ణి. చౌకగా దొరికేదాన్ని వద్దంటే ఎవరు వింటారు!

మోటార్ల విషయంలో మన తెలుగువారి పాత్ర ఒకటి తప్పక చెప్పుకోవాలి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును బయటకు తెచ్చారని పేరు. 1893లో పుట్టి 1974లో పోయిన జి.డి. నాయుడు పెద్ద చదువులు చదివినవారు కారు. తరువాత ఆ ఊరు మోటార్లకూ పంపులకూ పుట్టిల్లయింది. బద్వేలు బావుల్లోకి దిగిన మోటార్లలో ఎన్నో కోయంబత్తూరువే.

పాతకాలంలో ఏ కంపెనీ మోటారుకు ఆ కంపెనీ కొలతలు. ఒకటి కాలిపోయి ఇంకొకటి తెస్తే కాళ్ళ రంధ్రాలు దిమ్మెలోని బోల్టులకు కలిసేవి కావు. దిమ్మె పగలగొట్టవలసిందే. అంతర్జాతీయ ప్రమాణాలు, వాటి బాటలో మన భారతీయ ప్రమాణాలు అమలులోకి వచ్చాక ఈ పీడ వదిలింది. నేమ్‌ప్లేటు మీద ఫ్రేము 112 అని ఉంటే, కాలి అడుగు నుంచి షాఫ్టు నడిమధ్యకు ఎత్తు 112 మిల్లీమీటర్లు అని అర్థం. 5 హార్సుపవరు, నాలుగు పోళ్ళ మోటారు సాధారణంగా ఈ ఫ్రేములోనే వస్తుంది. కాళ్ళ రంధ్రాల నడుమ అడ్డంగా 190, పొడవున 140 మిల్లీమీటర్లు. ఏ కంపెనీదైనా అంతే. ఈ మూడు అంకెలు రైతుకు ఎంత సిమెంటు మిగిల్చాయో లెక్కకట్టినవారు లేరు.

మన మిత్రులలో ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో పనిచేసినవారికి దిమ్మె అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. 1994లో మొదలైన ఆ 210 మెగావాట్ల సెట్టు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అటువంటి టర్బైనును నిలబెట్టే కాంక్రీటు స్తంభాల చట్రాన్ని చుట్టూ ఉన్న భవనానికి ఎక్కడా తగలకుండా, సందు విడిచి కడతారు. యంత్రం అదురు గోడలకు పాకకూడదు. రైతు తాటిదూలమూ ఈ చట్రమూ ఒకే పనికి పుట్టినవి, డబ్బు తేడా.

మోనోబ్లాకు పంపులు వచ్చాక కప్లింగు గొడవ తీరింది. మోటారు షాఫ్టు చివరనే పంపు చక్రం. రెండింటికీ ఒకే గూడు. షాఫ్టులు కలిపే పని లేదు, కాళ్ళు మాత్రం సరిగా ఆనాలి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తరువాత ఐ.ఎస్.ఐ. గుర్తు పంపు, కెపాసిటరు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపు ఉండాలని షరతులు వచ్చాయి. దిమ్మెను గురించి ఏ షరతూ లేదు.

అప్పటికే బావులు ఎండిపోతున్నాయి. బోర్లు వచ్చాయి, వాటిలో సబ్మెర్సిబుల్ మోటార్లు దిగాయి. రష్యా నుంచి అమెరికా చేరిన ఆరుటునోవ్ అనే ఇంజనీరు చమురు బావుల కోసం తయారుచేసిన ఆలోచన అది. ఈ మోటారుకు కాళ్ళే లేవు. సన్నటి గొట్టం లాంటి ఒళ్ళు, తలమీద ఒక ఫ్లాంజి, దాని మీద పంపు. నీళ్ళే దాన్ని చల్లబరచాలి. బరువంతా పైపుల మీద, పైపుల బరువు కేసింగు మూతి దగ్గరి క్లాంపు మీద. నాలుగు బోల్టులున్న ఆ క్లాంపే ఇప్పటి దిమ్మె. అది జారితే మోటారు, పైపులు, కేబులు అన్నీ వందల అడుగుల లోతుకు పోతాయి. బావిలో పడ్డ మోటారును తాడు కట్టి తీసుకోవచ్చు. బోరులో పడ్డదాన్ని తీయడానికి వచ్చేవాళ్ళు ముందే కూలి అడుగుతారు, వస్తుందని హామీ ఇవ్వరు. అందుకే తెలిసిన రైతులు క్లాంపుతోపాటు విడిగా ఒక గట్టి తాడు కూడా కట్టి ఉంచుతారు.

పోరుమామిళ్ళ దారి వెంట పాత బావుల దగ్గర ఇప్పటికీ కూసాలు, వాటి పక్కన నాలుగు బోల్టుల మొండేలతో సిమెంటు దిమ్మెలు కనబడతాయి. కొన్నింటి మీద బట్టలు ఉతుకుతున్నారు. ఆనాటి దిమ్మెల ఫొటోలు, మోటారు బిల్లులు, బ్యాంకు కాగితాలు మీ ఇళ్ళలో ఉంటే సంఘం ఆఫీసులో ఒక ప్రతి ఇవ్వవలసిందిగా మనవి.