చిన్న మైదానము - పెద్ద విద్య

ఫుట్‌బాల్ అనగానే జట్టునకు 11 మంది ఆటగాండ్రు, విశాలమైన పచ్చిక బయలు మన కన్నులకు కట్టును. అంతర్జాతీయ పోటీలకు సాధారణముగా వాడు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గలది. ఇంత నేల సమతలముగా, రాళ్లు లేకుండ దొరకుట నగరములలో దుర్లభము. మెట్ట సీమలలో సైతము సులభము కాదు. భైరవకోన దాపున నున్న చంద్రశేఖరపురము వంటి యూరిలో అట్టి మైదానము లేదని పిల్లలు ఈ యాటకు దూరము కావలసినదేనా? అక్కరలేదని ఆట చరిత్రయే చెప్పుచున్నది.

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశము 1930లో మొదటి ప్రపంచ కప్పును గెలిచినది. ఆ యేడే దాని రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని యను వ్యాయామోపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆడు చోటనే ఫుట్‌బాల్ ఆడించుటకు ఉపాయము పన్నెను. జట్టునకు ఐదుగురు చాలుననుట బాస్కెట్‌బాల్ నుండి, గోలు పరిమాణము హ్యాండ్‌బాల్ నుండి తీసికొనబడినవి. అదియే నేటి ఫుట్‌సాల్. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల స్థలము దీనికి చాలును. అనగా పెద్ద మైదానములో ఇంచుమించు తొమ్మిదవ వంతు. బంతి చిన్నది, తక్కువగా ఎగురునది. ఆఫ్‌సైడ్ నియమము లేదు. 1989లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య దీనికి ప్రపంచ పోటీని నెదర్లాండ్సులో నడపగా బ్రెజిల్ గెలుపొందినది.

మన పొరుగున కేరళలోని మలబారు ప్రాంతమున ఏడుగురి ఆట జనాదరణ పొందినది. కోతలు ముగిసిన వరిమళ్లు సైతము అక్కడ ఆటస్థలములగును. ఇసుకపై ఆడు బీచ్ సాకర్ మరియొక భేదము. చూపులేని వారు లోపల గలగలలాడు బంతితో ఆడు ఐదుగురి ఆట 2004 ఏథెన్సు పారాలింపిక్సులో ప్రవేశించినది.

ఈ భేదములన్నింటి వెనుక నొక సూత్రము గలదు. ఒక నియమము మార్చినచో ఆటగాడు క్రొత్త నేర్పు సంపాదింపక తప్పదు. చోటు తగ్గినకొలది ఆలోచించు వ్యవధి తగ్గును. బంతి అందుకొనకముందే దానిని ఎవరికి అందింపవలెనో తెలిసియుండవలెను.

ఈ సూత్రమును మన హైదరాబాదులో ఆచరణకు తెచ్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారు, వృత్తిచే ఉపాధ్యాయులు. ఆ కాలపు ఆటగాండ్రకు బంతిని కాలికి అంటిపెట్టుకొని ఎదుటివారిని తప్పించుకొనుచు పోవుటయందు మక్కువ మెండు. అందుచే రహీం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఏర్పరచిరి. బంతి చేరినదే తడవుగా తోటివానికి పంపవలసినదే. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను సైతము నడిపిరి. కుడికాలి వానికి ఎడమకాలు నేర్పుటకు ఉపన్యాసముకంటె ఈ నిబంధనయే మేలు గదా!

ఫలితము అచిరకాలముననే కనబడినది. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్సు కప్పును గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో, సికింద్రాబాదు ప్రాంతమునుండి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి యువకులతో కూడిన భారత జట్టు నాలుగవ స్థానము పొందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుది పోటీలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకము తెచ్చినది. మరుసటి యేడు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూసిరి. ఆ తరువాత భారతదేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మరల దక్కలేదు. ఈ లోటునకు కారణములు పెక్కు. పిల్లలకు తొలినాటి శిక్షణ కొరవడుట వానిలో నొకటి.

చిన్న ఆట పెద్ద ఆటకు పూర్తిగా బదులు కాజాలదు. దూరమునుండి బంతిని పంపుట, ఎత్తున వచ్చు బంతిని తలతో కొట్టుట విశాలమైన మైదానముననే అలవడును. అయినను మొదటి పాఠములకు బడి ఆవరణ చాలును. రాళ్లేరి చదును చేసిన కొలది నేల, ఒక బంతి, రెండు జట్లకు కలిసి పదిమంది పిల్లలు, నేడు డ్రిబ్లింగ్ లేదు, రేపు ఎడమకాలే అని నియమము విధింపగల ఉపాధ్యాయుడొకడు: చంద్రశేఖరపురమునకైనను, మరి యే యూరికైనను ఇవి అందరాని వస్తువులు కావు.