బెణుకు వెనక కథ

మొన్న వానాకాలంలో షటిల్ ఆడుతుంటే ఎడమ చీలమండ బెణికింది. నెట్ దగ్గర పడబోతున్న కాక్ కోసం ముందుకి దూకాను, పాదం లోపలికి మడతపడింది. కోర్టు పక్కన కూలబడగానే చుట్టూ చేరిన నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారనుకున్నా. అందరిదీ ఒకటే మాట: ఐస్ పెట్టు, బిగించి కట్టు కట్టు, కాలు దిండు మీద పెట్టు, కదలకు. ఇంటికొస్తే అమ్మా అదే చెప్పింది. తాతల నాటి వైద్యమేమో అనిపించేంత ఏకాభిప్రాయం.

మూడు వారాలు బుద్ధిగా పడుకున్నాను. వాపు తగ్గింది. లేచి నడవబోతే చీలమండ చెక్కలా బిగుసుకుపోయి ఉంది, పిక్క సన్నబడిపోయింది. మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అసలీ సలహా ఎవరిచ్చారా అని కోపంతోనే వెతకడం మొదలుపెట్టాను.

తాతల నాటిది కాదు. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు, మార్షల్ హాఫ్‌మన్‌తో కలిసి రాసిన 'ది స్పోర్ట్స్ మెడిసిన్ బుక్'తో ఈ సూత్రం పేరుతో సహా జనంలోకి వెళ్లింది. రెస్ట్, ఐస్, కంప్రెషన్, ఎలివేషన్. మొదటి అక్షరాలు కలిపితే రైస్. అన్నం తినే జాతికి ఇంకేం కావాలి, ఒకసారి వింటే చాలు! నొప్పి మీద చల్లటిది పెట్టడం అంతకు చాలా ముందు నుంచీ ఉన్నదే. కానీ కోచ్‌ల నోట్లో, స్కూలు పీఈటీ సార్ల నోట్లో అది మంత్రమైంది ఆ పేరు పుట్టాకే.

వింతేమిటంటే, 2014లో అదే మిర్కిన్ తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. ఐసూ, పూర్తి విశ్రాంతీ కోలుకోవడానికి సాయం చేయకపోగా ఆలస్యం చేయొచ్చని రాశాడు. దెబ్బ తగిలిన చోటికి రక్తం పోటెత్తుతుంది, దాంతోపాటు తెల్లకణాలు వస్తాయి. చెడిన కణాల్ని శుభ్రం చేసేవీ, కొత్త కణజాలం పెరగడానికి కావాల్సిన హార్మోన్లని వదిలేవీ అవే. ఐస్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేసి వాటి దారికి అడ్డం పడుతుంది. నొప్పి తగ్గిస్తుంది, కాదనలేం. మొదటి కొన్ని గంటల్లో కాసేపు పెట్టుకుంటే ఫరవాలేదని మిర్కిన్ కూడా అన్నాడు. కానీ నొప్పి తగ్గడం వేరు, మానడం వేరు. నేను ఆ రెంటినీ ఒకటే అనుకున్నాను.

వాపు శత్రువు కాదన్న సంగతి కొత్తదా అంటే అదీ కాదు. లండన్ సర్జన్ జాన్ హంటర్ 1794లో, తను చనిపోయిన మరుసటేడు అచ్చయిన పుస్తకంలో, ఇన్‌ఫ్లమేషన్ దానికదే రోగం కాదన్నాడు. 1767లో ఆయనకే మడమ వెనకుండే అకిలిస్ టెండాన్ తెగింది. మంచం పట్టలేదు. కట్టు కట్టుకుని నడుస్తూనే మాన్పుకున్నాడు. ఆ తర్వాత కుక్కల టెండాన్లు తెంపి ఎలా అతుక్కుంటాయో చూశాడు. (పాపం కుక్కలు.)

మరి మంచం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు దొరికాక నా కోపం కొంచెం తగ్గింది. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో కీళ్ల డాక్టరుకి నిత్యం ఎదురయ్యే పెద్ద శత్రువు క్షయ. తుంటినీ మోకాలినీ తినేసే క్షయ. మందు లేదు. అలాంటి కీలుని కదిలిస్తే ముప్పు, కదలనివ్వకపోతే కొంత ఆశ. జాన్ హిల్టన్ 1863లో విశ్రాంతి మీద ఏకంగా పుస్తకమే వేశాడు. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ కీలుకి విశ్రాంతి బలవంతంగానైనా, ఎడతెగకుండా, చాలాకాలం ఇవ్వాలని పట్టుబట్టాడు. ఆ రోగానికి అది సబబే. ఇబ్బందల్లా ఆ సలహా క్షయ నుంచి బెణుకుల మీదికి కూడా జారడం.

థామస్‌ది తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం, పుత్తూరు కట్టు వాళ్లలాగా. నాటు వైద్యులకి పేరెలా వచ్చిందో 1871లో వార్టన్ హుడ్ అనే డాక్టరు రాశాడు. హట్టన్ అనే కట్టు వైద్యుడి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. పెద్ద డాక్టర్లు నెలల తరబడి కదలనివ్వని కీళ్లు బిగుసుకుపోయేవట. హట్టన్ చేతులతో వాటిని ఒక్కసారి విదిలిస్తే, చేతికర్రతో వచ్చినవాడు నడుచుకుంటూ వెళ్లేవాడట. అదే చెయ్యి క్షయ ఉన్న కీలు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే నేను ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోలేకపోతున్నాను.

బెణుకులన్నీ ఒకటి కావు మరి. 1994 జాతీయ క్రీడల్లో పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లూ ఏళ్ల సాధనా దాటి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ మోకాలికి ఐసూ కాదు, ఉత్త నడకా కాదు మందు. చీలమండ విషయంలో 1992లో ఒట్టావా డాక్టర్లు పెట్టిన గీటురాయి సులువైంది: నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పెట్టినా ఎక్స్‌రే తీయించాలి. నేను నాలుగడుగులు వేయగలిగాను. ఎముక మీద నొప్పీ లేదు. అంటే రెండో రోజు నుంచే మెల్లగా కదిలించాల్సిన కాలుని మూడు వారాలు పడుకోబెట్టాను.

నా కాలు సరే. ఇదంతా చదువుతుంటే నాకు గుచ్చుకున్నది వేరే. రెండేళ్ల కిందట అమ్మ మోకాలి ఎక్స్‌రే చూసి "అరుగుదల" అన్నారు. ఆ మాట చాలా మోసకారి. చెప్పు అరిగినట్టు, టైరు అరిగినట్టు వినిపిస్తుంది. వాడకపోతే మిగులుతుందనిపిస్తుంది. ప్రేమ కొద్దీ నేనే అమ్మ చేత మెట్లు మాన్పించాను, రైతుబజారు మాన్పించాను, సాయంత్రం నడక మాన్పించాను. మృదులాస్థిలో రక్తనాళాలుండవు. బరువు పడి, తీసి, కీలు కదులుతుంటేనే దానికి పోషణ అందుతుంది. మోకాళ్ల అరుగుదలకి ఇవాళ చెప్పే మొదటి వైద్యంలో తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఉంది. నేను ఇచ్చింది సరిగ్గా దానికి ఎదురు. ఇప్పుడావిడ సోఫాలోంచి లేవాలంటే టీపాయ్ పట్టుకోవాలి.

చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా" అంది, అంతే. ఫిజియో దగ్గరికి వెళ్లాం. పొద్దున్నే వంటగట్టు పట్టుకుని నేను ఎడమ కాలి మీద నిలబడతాను, ఆవిడ కుర్చీలోంచి లేచి కూర్చుంటుంది. పదిసార్లు అన్నారు. నిన్న ఆరు దగ్గర ఆగి కూర్చుండిపోయి, రైతుబజారులో ఇప్పుడు చిక్కుడుకాయ ఎంతుందో అడిగింది.