జార్జ్ కస్టాంజా గొంతు ఎవరిది?

'సైన్‌ఫెల్డ్' మొట్టమొదటి ఎపిసోడ్‌ని బొమ్మ చూడకుండా ఊరికే వినండి. జార్జ్ కస్టాంజా మాట్లాడుతున్నట్టు ఉండదు, వుడీ ఆలెన్ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మాట మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్ళీ ఇంకోవైపు నుంచి అందుకోవడం, ఎదుటివాడికి చెప్తున్నాడో తనకి తనే చెప్పుకుంటున్నాడో తెలియని ఆ గొణుగుడు. కళ్ళజోడు సరేసరి.

ఇది చూసేవాళ్ళ అనుమానం మాత్రమే కాదు. జార్జ్ వేషం వేసిన జేసన్ అలెగ్జాండర్ ఈ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో తనే చెప్పాడు. అప్పటికి అతను న్యూయార్క్‌లో నాటకాల మనిషి. 'జెరోమ్ రాబిన్స్ బ్రాడ్‌వే'కి టోనీ అవార్డు అందుకున్నది కూడా 1989లోనే. ఆడిషన్ కోసం చేతికొచ్చినవి కొన్ని పేజీలే, పూర్తి స్క్రిప్టు కాదు. చదివితే వుడీ ఆలెన్ సినిమా డైలాగుల్లా అనిపించాయట. అయితే అలాగే చేద్దామని కళ్ళజోడు పెట్టుకుని, ఆ ధోరణిలోనే టేపు చేసి పంపాడు. వేషం వచ్చింది. 1989 జులై 5న ఎన్‌బీసీలో పైలట్ ప్రసారమైంది.

ఇక్కడితో ఆగితే మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు: కాపీ కొట్టాడు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. చేతిలో నాలుగు కాగితాలు తప్ప ఏమీ లేని నటుడు ఏదో ఒక ఆసరా వెతుక్కుంటాడు కదా. న్యూయార్క్ మనిషి, అన్నిటికీ భయం, నోరు మాత్రం ఆగదు అంటే, 'ఆనీ హాల్' చూసిన ఆ తరంలో ఎవరికైనా మొదట తట్టేది ఆ గొంతే.

అసలు కథ ఆ తర్వాత జరిగింది. ఒకసారి స్క్రిప్టు చదివి అలెగ్జాండర్ రచయిత లారీ డేవిడ్ దగ్గరికి వెళ్ళాడు. ఇలాంటిది ఎవరికీ జరగదు, జరిగినా ఏ మనిషీ ఇలా చెయ్యడు అన్నాడు. ఇది నాకే జరిగింది, నేను సరిగ్గా ఇలాగే చేశాను అన్నాడు లారీ. అప్పుడుగానీ అలెగ్జాండర్‌కి వెలగలేదు, జార్జ్ అంటే తన ఎదురుగా నిలబడ్డ ఈ మనిషేనని. అంతే, వుడీ ఆలెన్‌ని వదిలేసి లారీని పట్టుకున్నాడు.

ఈ లారీ ఎలాంటివాడో తెలియాలంటే 1991 ఏప్రిల్‌లో వచ్చిన 'ది రివెంజ్' ఎపిసోడ్ చూడాలి. బాస్ మీద అరిచి ఉద్యోగం మానేసిన జార్జ్, సోమవారం పొద్దున్నే ఏమీ జరగనట్టు వచ్చి మీటింగులో కూచుంటాడు. 1984-85లో 'శాటర్‌డే నైట్ లైవ్'లో రచయితగా ఉన్నప్పుడు లారీ చేసిన ఘనకార్యమే అది! వుడీ ఆలెన్ పాత్ర అయితే ఇలాంటి చోట తనమీద తనే ఓ జోకు వేసుకుని తప్పుకుంటుంది. జార్జ్‌కి ఆ తెలివి లేదు. అడ్డంగా దొరికిపోయాక కూడా న్యాయం తనవైపే ఉందని గొంతు చించుకుంటాడు. అదే ఏడాది 'ది చైనీస్ రెస్టారెంట్'లో, పబ్లిక్ ఫోన్ దగ్గర వంతు దొరక్క అతను పడే ఆవేశం చూడండి. పైలట్‌లోని గొణుగుడు పోయి కేక వచ్చింది. నాకు తెలిసిన జార్జ్ అక్కడ పుట్టాడు.

అయితే ఆ కేక కూడా అనుకరణే. మొదటిదానికంటే దగ్గరి అనుకరణ. కాకపోతే లారీ మొహం అప్పటికి జనానికి తెలియదు. అందుకే దాన్ని నటన అన్నారు. 2000లో హెచ్‌బీఓలో 'కర్బ్ యువర్ ఎంథూజియాజమ్' మొదలై లారీ తన పేరుతోనే తెరమీదికి వచ్చేసరికి, అతనే జార్జ్‌లా చేస్తున్నట్టు అనిపించింది. ఆ సిరీస్ రెండో సీజన్‌లో అలెగ్జాండర్ కూడా తనలాగే కనిపించి, జార్జ్ ఉత్త వెధవ అన్నట్టు వాపోతాడు. లారీ మొహం మాడిపోతుంది. 2009 సీజన్‌లో ఇంకా తమాషా. 'సైన్‌ఫెల్డ్' బృందాన్ని మళ్ళీ కలిపే కథలో అలెగ్జాండర్ అలిగి వెళ్ళిపోతే, జార్జ్ వేషానికి లారీ తనే దిగుతాడు. ఆ వేషం అతనికి అతకదు.

అదే 2009లో వుడీ ఆలెన్ 'వాటెవర్ వర్క్స్' తీశాడు. డెబ్బైల్లో జీరో మోస్టెల్‌ని ఊహించుకుని రాసిన కథ అది. మోస్టెల్ 1977లో పోవడంతో పక్కన పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు దాటాక ఆ పాత్ర లారీకి ఇచ్చాడు. అందులో లారీ కెమెరావైపు తిరిగి ప్రేక్షకులతోనే మాట్లాడతాడు. డైలాగులు వుడీ ఆలెన్‌వి, మనిషి లారీ. నాకు మాత్రం సినిమా పొడుగునా జేసన్ అలెగ్జాండరే వినబడ్డాడు.