త్రీనాట్‌త్రీ రైఫిలూ, ఉప్పుగాలీ

సూర్యలంక గాలికి తలుపు గొళ్ళాలు సైతం తుప్పు పడతాయని మన బాపట్ల వారికి వేరే చెప్పనక్కరలేదు. 1960లలో కాలేజీ ఎన్.సి.సి.లో మా చేతికిచ్చిన త్రీనాట్‌త్రీ రైఫిల్‌కు ఆ ఉప్పు చాలదన్నట్లు, పేల్చిన ప్రతి తూటా లోపల మరికొంత ఉప్పు వదిలేది. అప్పటి తూటా క్యాపులో క్లోరేటు మందు ఉండేది. అది పేలాక మిగిలే పొటాషియం క్లోరైడు తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. నూనెకు అది కరగదు, నీటికే కరుగుతుంది. అందుకని కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసి, పుల్‌త్రూ తాడుకు ఫ్లానెల్ పీలిక తగిలించి లాగి, ఆరాక నూనె పట్టించేవాళ్ళం.

ఇంత చాకిరీ చేయించుకున్నా ఆ రైఫిల్ మొరాయించేది తక్కువ. కారణం తూటా కూర్చునే గది, అనగా చాంబరు. పేలినప్పుడు ఇత్తడి గుల్ల ఉబ్బి చాంబరు గోడకు అతుక్కుని, మళ్ళీ కాస్త ముడుచుకుంటుంది. చాంబరు బిగుతుగా ఉంటే గురి కుదరవచ్చు గాని, మట్టి చేరితే గుల్ల ఊడిరాదు. లీ ఎన్‌ఫీల్డ్ చాంబరు వదులు. తూటా అడుగు అంచు దాన్ని సరైన చోట నిలిపేది కనుక ఆ వదులు వల్ల చిక్కు లేదు. గుల్ల సాగిపోతుంది, నిజమే. సిపాయి దాన్ని మళ్ళీ వాడబోడు గదా!

బిగుతు చాంబరు ఎంత ప్రమాదమో 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద తెలిసింది. మన లాహోర్ డివిజన్ కూడా పోరాడిన చోటది. కెనడా సైనికుల రాస్ రైఫిల్‌ది కూడా .303 తూటాయే, గురిలో మేటి. కాని బురదలో, కొలతలు కొంచెం అటూ ఇటూ అయిన తూటాలతో అది బిగుసుకుపోయింది. బోల్టును బూటుకాలితో తన్ని తెరవవలసి వచ్చింది. శత్రువు మీదికి వస్తుంటే ఆ తన్నులాట ఎలా ఉంటుందో ఊహించండి! చాలామంది దాన్ని పారేసి, చనిపోయిన బ్రిటిష్ సైనికుల లీ ఎన్‌ఫీల్డులు ఏరుకున్నారు. బోల్టు పళ్ళు దెబ్బతినడం మరో లోపం. తరువాత రాస్ చాంబర్లను పెద్దవి చేశారు గాని, అప్పటికే నమ్మకం పోయింది.

వదులు చాంబరుకూ ఒక నియమం ఉంది. కాల్చే ముందు అందులో నూనె ఉండకూడదు. ఉంటే గుల్ల గోడను పట్టుకోలేక, తోపంతా బోల్టు మీద పడుతుంది. మా హవల్దారు ప్రతి చాంబరులో పొడి గుడ్డ పెట్టి చూసేవాడు. జిడ్డు కనిపిస్తే వాడికి ఆ పూట తూటాలు లేవు.