తిరుమల ఆరాధనలో బంగారం

తిరుమల శ్రీవారి ఆలయ గర్భగుడిపై ఉన్న ఆనంద నిలయ విమానానికి బంగారు పూత పూసిన రాగి రేకుల తాపడం ఉంది. 1517లో శ్రీకృష్ణదేవరాయలు ఈ పనికి 30 వేల బంగారు వరహాలు సమర్పించాడు. గర్భగుడికి ముందున్నది బంగారు వాకిలి. తెల్లవారుజామున సుప్రభాతం ఇక్కడే పఠిస్తారు.

బంగారం తుప్పు పట్టదు, రంగు మారదు. అందుకే వైదిక సంప్రదాయం దాన్ని అగ్నికీ అమృతత్వానికీ ప్రతీకగా చూసింది. శ్రీసూక్తం లక్ష్మిని పసిడి ఛాయతోనే కీర్తిస్తుంది.

శ్రీవారికి బంగారంతో చేసే సేవల్లో విశిష్టమైనది అష్టదళ పాద పద్మారాధన. ప్రతి మంగళవారం అర్చకులు ఒక్కో నామం చదువుతూ 108 బంగారు పద్మాలను ఒక్కొక్కటిగా స్వామి పాదాల చెంత ఉంచుతారు. ఈ పద్మాలను సమర్పించినది గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు. ఆలయ చరిత్రలో ఇంతకన్నా హృద్యమైన కానుక అరుదు.

బ్రహ్మోత్సవాల గరుడసేవ నాడు మూలవిరాట్టు ధరించే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామ హారాలను ఉత్సవమూర్తి మలయప్పస్వామికి అలంకరిస్తారు. ప్రతి గురువారం మూలవిరాట్టు ఆభరణాలను సడలించి, నుదుటి నామాన్ని తగ్గిస్తారు. భక్తులకు ఆ రోజు నేత్ర దర్శనం లభిస్తుంది. మర్నాడు శుక్రవారం అభిషేకం జరిగాక నగలు తిరిగి అలంకరిస్తారు.